ఎన్‌బీఏలో వెస్ట్ బలం, ఈస్ట్ వెనకబాటు: తేడా ఎక్కడ పుట్టింది, ఎందుకు తగ్గడం లేదు

మీరు అడిగిన దాని సారాంశం ఇది. ఈస్ట్, వెస్ట్ అని పదిహేనేసి జట్ల రెండు విభాగాలుగా (కాన్ఫరెన్స్‌లుగా) నడిచే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, మంచి ఆటగాళ్లంతా వెస్టర్న్ కాన్ఫరెన్స్‌లోనే పోగుపడుతున్నారన్న మాట నిజమేనా? నిజమైతే అది కాకతాళీయమా, లేక లీగ్ నిర్మాణంలోనే లోపం ఉందా? సరిదిద్దే మార్గం ఏదైనా ఉందా? మైకేల్ జోర్డాన్ చికాగో బుల్స్‌లో ఆడిన చివరి సీజన్ల నుంచి ఈ లీగ్‌ను విడవకుండా గమనిస్తూ, కుర్రాళ్లకు ఈ ఆట నేర్పుతూ వచ్చినవాడిగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

తేడా ఉన్న మాట నిజమే. అయితే చాలామంది అనుకునే చోట అది లేదు. లీగ్‌లోని అత్యుత్తమ ఆటగాడు, అత్యుత్తమ జట్టు ఎక్కడున్నారన్నది ఏటా మారుతూనే వచ్చింది. మారనిది నడిమి శ్రేణి. వెస్ట్‌లో ఆరో స్థానం నుంచి పదో స్థానం దాకా ఉండే జట్లు ఈస్ట్‌లో అవే స్థానాల్లో ఉండే జట్ల కంటే దాదాపు ఎప్పుడూ మెరుగ్గా ఉంటున్నాయి. దీనికి వాతావరణం, పన్నులు, అదృష్టం అంటూ చెప్పే కారణాల కంటే రెండు విషయాలు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. ఒకటి, ఈస్ట్ జట్లు పందొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లను చేజేతులా వదులుకున్న తీరు. రెండోది, ఆ తేడా తగ్గకుండా కాపాడుతున్న లీగ్ నియమం.

ముందు లెక్కలు చూద్దాం. 2013-14 సీజన్‌లో రెండు కాన్ఫరెన్స్‌ల మధ్య జరిగిన 450 మ్యాచ్‌లలో వెస్ట్ 284 గెలిచింది, ఈస్ట్ 166 గెలిచింది. అంటే 63 శాతం. ఆ ఏడాది ఫీనిక్స్ సన్స్ 48 విజయాలు, 34 ఓటములతో సీజన్ ముగించి కూడా వెస్ట్‌లో తొమ్మిదో స్థానంలో నిలిచి, కాన్ఫరెన్స్‌కు ఎనిమిది జట్లు ఆడే నాకౌట్ దశ ప్లేఆఫ్స్‌కు దూరమైంది. సీజన్‌కు ముందు ఎవరూ ఏమీ ఆశించని జట్టు అది. కొత్త కోచ్ జెఫ్ హార్నసెక్, ఆ ఏడాది అత్యంత మెరుగుపడిన ఆటగాడి అవార్డు అందుకున్న గోరన్ డ్రాగిచ్ కలిసి దాన్ని అంత దూరం తీసుకొచ్చారు. అదే ఏడాది ఈస్ట్‌లో అట్లాంటా హాక్స్ 38 విజయాలు, 44 ఓటములతో ఎనిమిదో స్థానం దక్కించుకుని ప్లేఆఫ్స్ ఆడింది. ఈస్ట్‌లో మూడో స్థానంలో నిలిచిన టొరాంటో రాప్టర్స్ విజయాలు కూడా 48. ఒకచోట మూడో స్థానం తెచ్చిపెట్టిన ఫలితం మరోచోట ఇంటికి పంపింది.

ఇది ఒక్క ఏటి ముచ్చట కాదు. 2007-08లో వెస్ట్ ప్లేఆఫ్స్ చేరిన ఎనిమిది జట్లూ 50 లేదా అంతకంటే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచాయి. మొదటి స్థానంలోని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు 57, ఎనిమిదో స్థానంలోని డెన్వర్ నగెట్స్‌కు 50. నలభై ఎనిమిది గెలిచిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ బయటే మిగిలిపోయింది. ఈస్ట్‌లో మాత్రం 37 గెలిచిన హాక్స్ లోపలికి వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే 2003-04లో బోస్టన్ సెల్టిక్స్ 36 విజయాలు, 46 ఓటములతో ప్లేఆఫ్స్ ఆడితే, 42 గెలిచిన యూటా జాజ్‌కు చోటు దొరకలేదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఈస్ట్ జట్లు బలహీనులతో ఎక్కువ మ్యాచ్‌లు ఆడతాయి కాబట్టే వాటి విజయాలు పెరుగుతున్నాయని, వెస్ట్ జట్లు ఒకదాన్నొకటి కొట్టుకుని నష్టపోతున్నాయని అంటారు. అందులో నిజం కొంతే. ఒక్కో జట్టు ఆడే 82 మ్యాచ్‌లలో 52 సొంత కాన్ఫరెన్స్‌లోనివి, 30 అవతలి కాన్ఫరెన్స్‌తో. రెండింటికీ తేడా 22 మ్యాచ్‌లు. సగటు వెస్ట్ జట్టు సొంత కాన్ఫరెన్స్‌లో యాభై శాతం, ఈస్ట్ మీద 63 శాతం గెలుస్తుందనుకుందాం. దాన్ని ఎత్తి ఈస్ట్‌లో పెడితే, ఆ 22 మ్యాచ్‌లలో అదనంగా వచ్చే పదమూడు శాతమే దాని లాభం. అంటే సీజన్ మొత్తానికి మూడు విజయాల లోపే. అదీ తేడా బాగా ఎక్కువగా ఉన్న ఏడాదిలో. సన్స్ ఈస్ట్‌లో ఉంటే ఏ 51 విజయాలో వచ్చేవి, హాక్స్ వెస్ట్‌లో ఉంటే 35 వచ్చేవి. కాబట్టి పది విజయాల అంతరాన్ని మ్యాచ్‌ల షెడ్యూల్ సృష్టించలేదు. ఆ జట్ల మధ్య అంతరం నిజంగానే ఉంది. అన్యాయం జరుగుతున్నది ప్లేఆఫ్స్‌లో చోటు పంచే దగ్గర.

ఇప్పుడు శిఖరం సంగతి. జోర్డాన్ బుల్స్‌ను వదిలిన తర్వాత, 1999 నుంచి 2025 వరకు జరిగిన 27 ఫైనల్స్‌లో వెస్ట్ 18, ఈస్ట్ 9 గెలిచాయి. ఇది పెద్ద తేడాయే. కానీ 2009 నుంచి 2013 వరకు వరుసగా ఐదేళ్లు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అవార్డు ఈస్ట్ ఆటగాళ్లకే వెళ్లింది. నాలుగు లెబ్రాన్ జేమ్స్‌కు, ఒకటి డెరిక్ రోజ్‌కు. ఆ ఐదేళ్లూ ఈస్ట్ నడిమి జట్ల పరిస్థితి అంతంతమాత్రమే. 2007-08లో టైటిల్ గెలిచిన బోస్టన్ వెస్ట్ జట్లతో ఆడిన 30 మ్యాచ్‌లలో 25 గెలిచింది. అదే కాన్ఫరెన్స్‌లో 37 విజయాల జట్టుకు ప్లేఆఫ్స్ చోటు దొరికింది. అందువల్ల ఈస్ట్ నుంచి ఫలానా జట్టు ఛాంపియన్ అయింది కదా, ఇక తేడా ఎక్కడిది అనే వాదన నిలవదు.

కారణాల విషయానికి వస్తే, మొదట వినిపించేది ఎండ, పన్నులు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఆటగాళ్లు అటు పోతారంటారు. ఫ్లోరిడాలోనూ ఆ పన్ను లేదు, అక్కడి మయామి, ఒర్లాండో రెండూ ఈస్ట్ జట్లే. కాలిఫోర్నియాలో రాష్ట్రపు పన్ను దేశంలోనే అత్యధికాల్లో ఒకటి, అయినా లేకర్స్‌కు ఆటగాళ్ల కొరత ఎప్పుడూ రాలేదు. పెద్ద నగరం, పెద్ద మార్కెట్ అన్న వాదన ఇంకా బలహీనం. అమెరికాలో న్యూయార్క్‌ను మించిన మార్కెట్ లేదు, కానీ నిక్స్ 2013-14 నుంచి 2019-20 వరకు వరుసగా ఏడు సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. అదే కాలంలో చిన్న మార్కెట్ అయిన శాన్ ఆంటోనియో 1998 నుంచి 2019 వరకు వరుసగా 22 సార్లు ప్లేఆఫ్స్ ఆడిన తన పరంపరలో ఉంది.

తర్వాతి వాదన లాటరీ అదృష్టం. ఏటా కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ప్లేఆఫ్స్ చేరని 14 జట్ల మధ్య మొదటి వంతుల కోసం లాటరీ తీస్తారు. ఇందులో అదృష్టం పాత్ర ఉన్న మాట కాదనలేను. 1997లో 67 మ్యాచ్‌లు ఓడిన బోస్టన్ చేతిలో రెండు లాటరీ వంతులున్నా టిమ్ డంకన్ దక్కలేదు. డేవిడ్ రాబిన్సన్ గాయపడి ఆరు మ్యాచ్‌లే ఆడటంతో ఆ ఒక్క ఏడాది కుప్పకూలిన శాన్ ఆంటోనియో స్పర్స్‌కు డంకన్ దొరికాడు. 2012లో 7 గెలిచి 59 ఓడిన షార్లట్‌కు ఆంథొనీ డేవిస్ చిక్కలేదు, న్యూ ఆర్లీన్స్‌కు వెళ్లాడు. 2023లో 17 విజయాలతో అట్టడుగున నిలిచిన డెట్రాయిట్ ఐదో వంతుకు జారిపోతే విక్టర్ వెంబన్యామా మళ్లీ స్పర్స్‌కే చేరాడు.

ఈ ఉదాహరణలు మనసులో బలంగా నాటుకుంటాయి. అయితే మొత్తం లెక్క వేరే చెబుతుంది. 1997 నుంచి 2025 వరకు జరిగిన 29 డ్రాఫ్ట్‌లలో మొదటి వంతు ఆటగాడిని తీసుకున్నది 17 సార్లు ఈస్ట్ జట్లే. లెబ్రాన్, డ్వైట్ హోవర్డ్, డెరిక్ రోజ్, కైరీ ఇర్వింగ్ అలా వచ్చినవారే. క్వామే బ్రౌన్ (2001), ఆండ్రియా బర్న్యాని (2006), ఆంథొనీ బెన్నెట్ (2013) కూడా అలాగే వచ్చారు. అదృష్టం ఈస్ట్‌కు వంతు ఇవ్వడంలో లోటు చేయలేదు. వంతు వచ్చిన ఏడాదిలో సరైన ఆటగాడు లేకపోవడం, ఉన్నా గుర్తించలేకపోవడం జరిగింది.

నా దృష్టిలో అసలు కారణం డ్రాఫ్ట్ రాత్రి, ఆ తర్వాత రెండు మూడేళ్లలో జరిగిన మార్పిడుల్లో ఉంది. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి.

1996లో కోబీ బ్రయంట్‌ను పదమూడో వంతులో ఎంచుకున్నది షార్లట్ హార్నెట్స్. వ్లాదే దివాచ్ కోసం అతడి హక్కులను లేకర్స్‌కు ఇచ్చేసింది. ఆ ఒప్పందం ముందే కుదిరిందన్నది నిజమే, కానీ ఆ వంతు షార్లట్‌దన్నదీ అంతే నిజం. అదే వేసవిలో షకీల్ ఓనీల్ ఒర్లాండోను వదిలి లేకర్స్‌కు వెళ్లాడు. 1998లో డర్క్ నొవిట్స్కీని తొమ్మిదో వంతులో తీసుకున్నది మిల్వాకీ బక్స్. అతడితో పాటు ప్యాట్ గారిటీ హక్కులనూ డాలస్‌కు ఇచ్చి, బదులుగా రాబర్ట్ ట్రేలర్‌ను తెచ్చుకుంది. డాలస్ ఆ గారిటీని ఫీనిక్స్‌కు పంపిన మార్పిడిలోనే స్టీవ్ నాష్‌ను సంపాదించింది. ఒకే రాత్రి ఒక ఈస్ట్ జట్టు చేసిన నిర్ణయం నుంచి డాలస్ దశాబ్దపు పునాది పడింది. అదే ఏడాది వాషింగ్టన్ జట్టు క్రిస్ వెబర్‌ను శాక్రమెంటోకు పంపి, అప్పటికే ముప్పై దాటిన మిచ్ రిచ్‌మండ్‌ను తెచ్చుకుంది.

జాబితా అక్కడితో ఆగదు. 2001లో పావ్ గసోల్‌ను మూడో వంతులో ఎంచుకున్నది అట్లాంటా, అతడు ఆడింది మెంఫిస్‌లో. 2006లో లమార్కస్ ఆల్డ్రిడ్జ్‌ను రెండో వంతులో ఎంచుకున్నది చికాగో, అతడు ఎదిగింది పోర్ట్‌లాండ్‌లో. 2011లో కవాయి లెనార్డ్‌ను పదిహేనో వంతులో ఎంచుకున్నది ఇండియానా, జార్జ్ హిల్ కోసం స్పర్స్‌కు ఇచ్చింది. 2018లో లూకా డాంచిచ్‌ను మూడో వంతులో ఎంచుకున్నది అట్లాంటా, ట్రే యంగ్‌తో పాటు మరో వంతు తీసుకుని డాలస్‌కు ఇచ్చింది. అదే రాత్రి షే గిల్జియస్-అలెగ్జాండర్‌ను పదకొండో వంతులో ఎంచుకున్నది, కోబీని వదులుకున్న ఆ షార్లట్ నగరపు జట్టే. లాస్ ఏంజెలెస్‌లోని మరో జట్టు క్లిప్పర్స్‌కు ఇచ్చి మైల్స్ బ్రిడ్జెస్‌ను తీసుకుంది. మరుసటి ఏడాది పాల్ జార్జ్ కోసం క్లిప్పర్స్ అతడిని ఓక్లహోమా సిటీకి పంపింది. 2025లో అతడు ఎంవీపీ అయ్యాడు, ఓక్లహోమా సిటీ థండర్ ఛాంపియన్ అయింది.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. వెస్ట్ గెలిచిన ఆ 18 టైటిళ్లలో కోబీతో ఐదు (2000, 2001, 2002, 2009, 2010), నొవిట్స్కీతో 2011, లెనార్డ్ ఫైనల్స్ ఎంవీపీగా నిలిచిన 2014, గిల్జియస్-అలెగ్జాండర్‌తో 2025, మొత్తం ఎనిమిది టైటిళ్లు డ్రాఫ్ట్ రాత్రి ఈస్ట్ జట్టు పేరు మీద ఎంపికైన ఆటగాళ్ల చేతుల మీదుగా వచ్చాయి. ఈ ఎనిమిదిలో సగం అటు నుంచి ఇటు వచ్చినా 18-9 అన్న లెక్క 14-13 అయ్యేది.

దీనికి ఎదురు ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి. జేసన్ కిడ్ 2001లో ఫీనిక్స్ నుంచి న్యూజెర్సీకి వచ్చి ఆ జట్టును వరుసగా రెండు ఫైనల్స్‌కు తీసుకెళ్లాడు. షకీల్ 2004లో మయామికి, కెవిన్ గార్నెట్, రే అలెన్ 2007లో బోస్టన్‌కు, లెనార్డ్ 2018లో టొరాంటోకు వచ్చి టైటిళ్లు తెచ్చారు. తేడా వయసులో ఉంది. వెస్ట్‌కు వెళ్లిన కుర్రాళ్లు అక్కడే దశాబ్దాలు ఉండిపోయారు. నొవిట్స్కీ డాలస్‌లో 21 సీజన్లు, కోబీ లేకర్స్‌లో 20 సీజన్లు ఆడారు. ఈస్ట్‌కు వచ్చినవారు చాలావరకు కెరీర్ మధ్యలోనో, చివర్లోనో వచ్చారు. గార్నెట్ బోస్టన్‌లో ఆరు సీజన్లు ఉన్నాడు. లెనార్డ్ టొరాంటోలో ఒక్కటే సీజన్ ఆడి లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయాడు. ఒక టైటిల్ కొనుక్కోవడానికి ఈ పద్ధతి సరిపోతుంది. కాన్ఫరెన్స్ మొత్తం బలపడాలంటే పదిహేనేళ్లు నిలిచే ఆటగాళ్లు కావాలి. శిఖరంలో ఈస్ట్ అప్పుడప్పుడూ మెరుస్తూ, నడుమ ఎందుకు బలహీనంగా ఉంటోందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరో మాట. 2013లో బ్రూక్లిన్ నెట్స్ తన భవిష్యత్తు వంతులను బోస్టన్‌కు ధారపోసిన మార్పిడిని ఈస్ట్ పతనానికి నిదర్శనంగా చూపిస్తుంటారు. అది బ్రూక్లిన్‌కు నష్టమే. కానీ రెండూ ఈస్ట్ జట్లే కాబట్టి కాన్ఫరెన్స్ లెక్కలో అది కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారిన డబ్బు. జైలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ ఆ వంతులతోనే బోస్టన్‌కు వచ్చారు, 2024లో టైటిల్ గెలిచారు.

ఇక నియమం సంగతి. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేది ఇదే, అభిమానులు తక్కువగా చర్చించేదీ ఇదే. లాటరీలోకి ఎవరు వెళ్లాలన్నది గెలుపోటములను బట్టి కాక, ప్లేఆఫ్స్ చేరారా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఫలితం ఏమిటంటే, 2014లో 48 గెలిచిన సన్స్ లాటరీలోకి వెళ్లి పద్నాలుగో వంతులో టీజే వారెన్‌ను తీసుకుంది. 38 గెలిచిన హాక్స్ దాని వెనకాల పదిహేనో వంతులో ఏడ్రియన్ పేన్‌ను తీసుకుంది. పది మ్యాచ్‌లు ఎక్కువ గెలిచిన జట్టుకు ముందు వంతు! పైగా చిన్నదే అయినా మొదటి వంతు దక్కే అవకాశం కూడా దానికే ఉంది. పదకొండేళ్ల తర్వాత ఆ చిన్న అవకాశం నిజమై కూర్చుంది. 2025లో డాలస్ 39 విజయాలతో వెస్ట్‌లో పదో స్థానంలో నిలిచి, ప్లే-ఇన్‌లో (ఏడు నుంచి పది స్థానాల జట్లు ప్లేఆఫ్స్ చివరి చోట్ల కోసం ఆడే మ్యాచ్‌లు) ఓడి లాటరీలో పడింది. 1.8 శాతం అవకాశంతో మొదటి వంతు దక్కించుకుని కూపర్ ఫ్లాగ్‌ను తీసుకుంది. అంతకంటే తక్కువగా 37 మాత్రమే గెలిచిన మయామి, ఈస్ట్‌లో పదో స్థానం నుంచి ప్లే-ఇన్‌లో రెండు మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్ చేరడంతో లాటరీకి దూరమైంది. చేరి సాధించిందేమిటంటే క్లీవ్‌లాండ్ చేతిలో 4-0 ఓటమి, అందులో చివరి మ్యాచ్‌లో 55 పాయింట్ల తేడా.

బలహీన కాన్ఫరెన్స్‌లోని మధ్యస్థ జట్టుకు ఎనిమిదో స్థానం చేతికందే దూరంలో ఉంటుంది. యాజమాన్యం దాన్నే విజయంగా చూపించి పాత ఆటగాళ్లను కొనసాగిస్తుంది, మంచి వంతు పోగొట్టుకుంటుంది, మరుసటి ఏడాది మళ్లీ అక్కడే ఉంటుంది. బలమైన కాన్ఫరెన్స్‌లో తొమ్మిదో, పదో స్థానపు మంచి జట్టుకు మాత్రం లాటరీ ద్వారా కొత్త రక్తం ఎక్కుతుంది. ఒక్క ఏడాదిలో దీని ప్రభావం కనిపించదు. ఇరవై ఐదేళ్లు ఇలాగే సాగితే కనిపించకుండా ఉండదు.

ఆటగాళ్లకు వ్యక్తిగతంగా జరిగే నష్టం ఇంకొకటి. ఏటా మేటి ఆటగాళ్లతో జరిపే ఆల్-స్టార్ మ్యాచ్ ఎంపికలో కాన్ఫరెన్స్‌కు పన్నెండు మంది చొప్పున తీసుకునేవారు. డేమియన్ లిల్లార్డ్ 2015-16లో సగటున 25.1, మరుసటి సీజన్‌లో 27.0 పాయింట్లు సాధించి కూడా రెండేళ్లూ ఎంపిక కాలేదు. అతడు ఆడుతున్నది వెస్ట్‌లో. ఈస్ట్‌లో ఆ అంకెలతో ఎవరూ బయట మిగిలేవారు కారు.

ప్లేఆఫ్స్‌లో నష్టం ప్రేక్షకుడిది కూడా. 2018లో 65 మ్యాచ్‌లు గెలిచిన హ్యూస్టన్, 58 గెలిచిన గోల్డెన్ స్టేట్ వెస్ట్ ఫైనల్‌లోనే తలపడ్డాయి. క్రిస్ పాల్ గాయంతో చివరి రెండు మ్యాచ్‌లకు దూరమయ్యాడు, ఏడో మ్యాచ్‌లో హ్యూస్టన్ వరుసగా 27 మూడు పాయింట్ల షాట్లు తప్పింది, వారియర్స్ గెలిచింది. ఆ తర్వాత అసలు ఫైనల్ 4-0తో ముగిసింది. పదహారు జట్లను కాన్ఫరెన్స్‌తో పని లేకుండా విజయాల వరుసలో పేర్చి ఉంటే, 59 విజయాల టొరాంటో రెండో స్థానంలో ఉండేది, హ్యూస్టన్, వారియర్స్ ఫైనల్‌లో తప్ప ఎదురుపడే వీలుండేది కాదు. లెబ్రాన్ 2011 నుంచి 2018 వరకు వరుసగా ఎనిమిది ఫైనల్స్ ఆడటాన్ని ఈస్ట్ సులువైన దారి అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఎనిమిదేళ్లు శరీరాన్ని అలా నిలబెట్టుకోవడం మామూలు విషయం కాదు. కానీ ఆ దారి వెస్ట్ దారి అంత కఠినం కాదన్నది వాస్తవమే.

మరి పరిష్కారం? పదహారు జట్ల ఏక వరుస పద్ధతికి లీగ్ చెప్పే అభ్యంతరాలు రెండు. మొదటిది షెడ్యూల్ సమానంగా లేదన్నది. దాని బరువు రెండు మూడు విజయాలేనని పైన చూశాం. రెండోది ప్రయాణం, ఇది నిజమైన ఇబ్బంది. ఈస్ట్‌లో న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బోస్టన్, వాషింగ్టన్ దగ్గర దగ్గరగా ఉంటాయి. వెస్ట్‌లో పోర్ట్‌లాండ్‌కు అతి దగ్గరి జట్టున్న శాక్రమెంటో కూడా ఏడు వందల కిలోమీటర్లకు పైనే. మొదటి రౌండ్‌లోనే పోర్ట్‌లాండ్, మయామి తలపడితే ఒక్కో ప్రయాణం నాలుగు వేల కిలోమీటర్లు దాటుతుంది. అలాంటి సిరీస్‌లకు, 2013 వరకు ఫైనల్స్‌లో వాడిన రెండు-మూడు-రెండు పద్ధతిని (మొదటి రెండు, చివరి రెండు మ్యాచ్‌లు ఒక నగరంలో, నడిమి మూడు మరో నగరంలో) తిరిగి తెస్తే ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో నగరాల మధ్య ప్రయాణాలు నాలుగు నుంచి రెండుకు తగ్గుతాయి. కమిషనర్ ఆడమ్ సిల్వర్ హయాంలో 2019 చివర్లో, చివరి నాలుగు జట్లను మాత్రం కాన్ఫరెన్స్‌తో సంబంధం లేకుండా విజయాలను బట్టి పేర్చాలన్న ప్రతిపాదన ముందుకొచ్చి పక్కకు వెళ్లిపోయింది. ఇలాంటి మార్పుకు యజమానుల్లో పెద్ద మెజారిటీ మద్దతు కావాలి. సగం మంది ఈస్ట్ యజమానులే, సులువైన దారిని వదులుకోమని వారిని ఒప్పించడం కష్టం.

అందువల్ల ఒకే ఒక్క మార్పు అడగమంటే నేను ప్లేఆఫ్స్‌ను ముట్టుకోను, డ్రాఫ్ట్‌ను అడుగుతాను. ఏ కాన్ఫరెన్స్ అయినా, ప్లేఆఫ్స్ చేరినా చేరకపోయినా, అతి తక్కువ మ్యాచ్‌లు గెలిచిన 14 జట్లకే లాటరీ ఇవ్వాలి. దీనివల్ల తక్షణం లాభపడేది ఈస్ట్ జట్లే కాబట్టి అక్కడి యజమానులు వ్యతిరేకించడానికి కారణం ఉండదు. ఎనిమిదో స్థానం కోసం పోరాడిన 37 విజయాల జట్టుకు ఆ పోరాటం శిక్ష కాకుండా పోతుంది.

లీగ్ విస్తరణ జరిగితే మరో అవకాశం వస్తుంది. చాలాకాలంగా వినిపిస్తున్న సియాటిల్, లాస్ వేగస్ రెండూ పశ్చిమాన ఉన్నవే, కాబట్టి అవి వస్తే వెస్ట్ నుంచి ఒక జట్టు ఈస్ట్‌కు మారక తప్పదు. మెంఫిస్, న్యూ ఆర్లీన్స్, మినెసోటా పేర్లు చర్చలో ఉంటాయి. వీటిలో మినెసోటాకు ఎక్కువ న్యాయం జరగాలని నా అభిప్రాయం. చికాగో నుంచి ఆరు వందల కిలోమీటర్ల లోపు ఉండి కూడా, రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పోర్ట్‌లాండ్‌తో ఒకే డివిజన్‌లో ఆడుతున్న జట్టు అది. ఆంథొనీ ఎడ్వర్డ్స్ లాంటి ఆటగాడు ఈస్ట్‌కు వస్తే అది నడిమి శ్రేణిలో కూడా తెలుస్తుంది.

చివరిగా మీరు మ్యాచ్‌లు చూసే తీరు గురించి ఒక సూచన. చలికాలంలో భారత కాలమానం ప్రకారం తూర్పు తీరపు మ్యాచ్‌లు ఉదయం ఆరు ప్రాంతంలో, పశ్చిమ తీరపు మ్యాచ్‌లు తొమ్మిది ప్రాంతంలో మొదలవుతాయి. మనలో చాలామందికి కుదిరేది రెండోదే, కాబట్టి వెస్ట్ గురించి మన అంచనా ఉన్నదానికంటే కాస్త పెద్దదిగా ఉండే ప్రమాదం ఉంది. 2024-25లో థండర్ ఈస్ట్ జట్లతో ఆడిన 30 మ్యాచ్‌లలో 29 గెలిచిందన్నది నిజం. ఆ ఒక్క ఓటమి రుచి చూపించింది 64 విజయాల క్లీవ్‌లాండ్ అన్నది, ఫైనల్‌లో అదే థండర్‌ను ఏడో మ్యాచ్ దాకా లాగింది ఈస్ట్‌లో నాలుగో స్థానపు ఇండియానా అన్నది కూడా నిజమే. వచ్చే సీజన్‌లో రెండు కాన్ఫరెన్స్‌ల మొదటి రెండు జట్లను కాక, ఏడు నుంచి పది స్థానాల్లోని జట్ల విజయాలను పక్కపక్కన రాసుకుంటూ చూడండి. మీ ప్రశ్నకు ఏటా అసలు జవాబు ఆ వరుసలోనే దొరుకుతుంది.